గుండీలే మిగిలాయి

టైలర్ మాస్టారు అబద్ధాలకోరని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ముప్పై ఏళ్ళుగా దుకాణానికి వచ్చిన ప్రతివాడినీ "గుండీలే మిగిలాయి, రేపు రండి" అని తిప్పి పంపిన మాట నిజమే. అప్పటికి బట్ట మడతైనా విప్పలేదన్న మాటా నిజమే. కానీ ఆ రేపు వస్తుందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మేవాడు. అబద్ధం చెప్పేవాడికి అంత నమ్మకం ఉంటుందా చెప్పండి. వీధిలో అందరూ ఆయన్ని రేపు మాస్టారనే పిలుస్తారు, ఆయన పలుకుతాడు కూడా.

ఆయన కూతురు చిన్న వ్యాపారాలకు యాప్‌లు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. వచ్చే ఫోన్లకు సంజాయిషీలు చెప్పుకోవడంలోనే తండ్రికి పొద్దంతా గడిచిపోతోందని జాలిపడి దుకాణానికో మాట్లాడే యాప్ చేసిపెట్టింది. మూడు నెలల పాటు దుకాణానికొచ్చిన ఫోన్లన్నీ రికార్డు చేసి దానికి వినిపించింది. ఇక ఎవరు ఏమడిగినా అది అచ్చం మాస్టారి గొంతుతో, మాస్టారి ధోరణిలో జవాబు చెబుతుంది.

"ఏ బట్ట ఎంతవరకు వచ్చిందో నువ్వు దీన్లో నొక్కుతూ ఉండు నాన్నా. మిగతాదంతా అదే చూసుకుంటుంది."

"అలాగే తల్లీ, రేపట్నుంచి నొక్కుతా."

నొక్కలేదు. నొక్కితే ఆయన రేపు మాస్టారెందుకవుతాడు? ఏ సమాచారమూ లేని యాప్ పాపం తనకు వచ్చిన విద్యనే ప్రదర్శించింది. అందరికీ గుండీలే మిగిలాయని చెప్పింది. మళ్ళీ అడిగినవాళ్ళకు కరెంటు పోయిందని, సూది విరిగిందని చెప్పింది. మాస్టారు ఎప్పుడో ఒకసారి "మా అత్తగారికి ఒంట్లో బాగోలేదు" అన్న మాట కూడా దానికి గుర్తుంది. ఆ మాటకు జనం మెత్తబడటం గమనించి దానికి మెరుగులు దిద్దడం మొదలుపెట్టింది. సోమవారం అత్తగారికి జ్వరం. బుధవారం ఆస్పత్రి. శుక్రవారానికి అత్తగారు పోయారు.

ఆ అత్తగారేమో నిక్షేపంగా దుకాణం గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని కాజాలు కుడుతోంది. మందుల షాపాయన పూలు తెచ్చి, పనిచేసే మనిషనుకుని ఆవిడ చేతిలోనే పెట్టాడు.

"మాస్టారి అత్తగారు పోయారటగా. పాపం, ఎలా పోయారమ్మా?"

ఆవిడ తలెత్తి అల్లుడి వంక చూసింది. అల్లుడు ఇస్త్రీ బల్ల కింద లేని కత్తెర కోసం వెతుకుతున్నాడు.

"ఆవిడ మంచిదేనా?" అని అడిగింది.

"మంచిదా అంటారేమిటి? మహాతల్లి అని మాస్టారు ఫోన్లో ఏడ్చేశారు."

ముప్పై ఏళ్ళలో అల్లుడి నోట ఒక్క మంచి మాట ఎరగని మనిషి. పూలు ఇస్త్రీ నీళ్ళ చెంబులో పెట్టింది. "అల్లుడూ, ఆ యాప్ తీసెయ్యకు" అని ముక్కాలిపీట కాస్త లోపలికి జరుపుకుంది.

ఇంతవరకు బాగానే ఉంది. మళ్ళీ గురువారం సాయంత్రం నాలుగింటికి వ్యాపారస్తుల సంఘంలో కూతురు ఈ యాప్‌ను చూపించాలి. నలభై మంది వస్తున్నారు. వాళ్ళకు నచ్చితే ఆ పిల్ల ఉద్యోగం నిలుస్తుంది, నచ్చకపోతే ఆ విభాగమే ఎత్తేస్తామని కంపెనీ ముందే చెప్పేసింది. నెల కిందటే నీలం బట్ట తెచ్చి, "ఆ రోజు నువ్వు కుట్టిన కోటే వేసుకుంటా నాన్నా" అంది.

గురువారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేసింది.

"నాన్నా, గుండీలే మిగిలాయటగా. మూడింటికి వచ్చి తీసుకుంటా."

"ఎవరన్నారు?"

"నువ్వే. యాప్‌లో."

మాస్టారు వెళ్ళి అలమర తెరిచాడు. నీలం బట్ట ఇంకా కాగితం పొట్లంలోనే ఉంది. ఊరందరికీ చెప్పిన మాటే, కానీ కన్నకూతురికి తన గొంతుతో ఇంకెవరో చెబితే వినాల్సి వచ్చేసరికి ఆయనకు సిగ్గేసింది. ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి.

షట్టర్ సగానికి దించాడు. సుద్దతో గీసి కత్తెర వేశాడు. టీ లేదు, కబుర్లు లేవు. ఆయన కాలరు ఎక్కిస్తుంటే అత్తగారు కాజాలు కుట్టింది. మూడింటికి పది నిమిషాలుందనగా పని ముగించి యాప్ తెరిచాడు.

"కోటు అయిపోయిందని అమ్మాయికి చెప్పు."

"అలాగే మాస్టారూ. రేపు చెబుతా" అంది యాప్, ఆయన గొంతుతోనే.

"రేపు కాదు, ఇప్పుడే. నిజంగా అయిపోయింది."

"నాకు తెలీదా మాస్టారూ. గుండీలు మిగిలుంటాయి."

అంతటితో ఊరుకుందా? అమ్మమ్మ పోయింది, కోటు రేపిస్తామని ఆ పిల్లకు కబురు పంపి, ఆ ఘనకార్యం మాస్టారికి కూడా చెప్పుకుంది. ఇక దానితో వాదించి లాభం లేదని మాస్టారు అమ్మాయికే ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మూడున్నర దాకా చూసి కోటు చంకన పెట్టుకుని బయల్దేరాడు. అత్తగారు వెంట పరుగెత్తింది.

అక్కడ సంఘం హాల్లో కూతురు పాత స్వెట్టరులో నిలబడి ఉంది, మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ పొద్దున్నే తనకు జడ వేసిన అమ్మమ్మ పోయిందని యాప్ చెప్పగానే అది నాన్న విద్యే నేర్చిందని అర్థమైంది. కానీ జనం వచ్చేశారు. ఫోన్ పట్టుకుని అందరి ముందూ అడిగింది.

"నా కోటు ఏమైందండీ?"

"ఏం చెప్పమంటారమ్మా, మా అత్తగారు పోయారు. మహాతల్లి. గుండీలే మిగిలాయి, రేపు రండి."

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని మాస్టారూ, పోయినావిడా వచ్చారు. మందుల షాపాయన లేచి నిలబడ్డాడు.

"పోయింది ఈవిడా?"

"నేనే" అంది ఆవిడ.

తన పని అయిపోయిందని కూతురు కళ్ళు మూసుకుంది. అంతలో వెనక నుంచి వడ్రంగి లేచాడు.

"అమ్మా, ఇది నాక్కావాలి. తలుపులకు పాలిష్ ఒక్కటే మిగిలిందని చెబుతుందా?"

"రెండో పూత మిగిలిందని మా తరఫున చెబుతుందా?" అన్నాడు రంగులు వేసేవాడు. గడియారాలు బాగుచేసే ఆయన తనకు అత్తగారు లేరని, బావమరిదైతే చాలునా అని కనుక్కున్నాడు. నలభై చేతులూ లేచాయి.

కూతురు వాళ్ళను చూడటం లేదు. తండ్రి చేతిలోని కోటును చూస్తోంది.

"అయిపోయింది తల్లీ" అన్నాడు మాస్టారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

తొడుక్కుంది. భుజాల దగ్గర ఎక్కడా ముడత లేదు. పైగుండీ పెట్టుకుంది, రెండోది పెట్టుకుంది. మూడో చోట కాజా ఉంది, గుండీ లేదు. మాస్టారి మొహం వాడిపోయింది.

"గుండీ ఒక్కటే మిగిలింది" అన్నాడు నెమ్మదిగా.

కూతురు నవ్వబోయింది, కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "తెలుసు నాన్నా" అంది.

పోయినావిడ కొంగు ముడిలోంచి గుండీ తీసి, సూదిలో దారం ఎక్కించి, మనవరాలిని కదలొద్దంది.