ఆరో పేలుడు

ఆరు వత్తులు ముట్టించి సుంకప్ప మోకు పట్టుకొని పైకి వచ్చేశాడు. బావి అడుగున రాయి పేలింది. గట్టు మీద మేస్త్రీ ఎర్రప్ప వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. ఆరు.

"ఐదే," అన్నాడు సుంకప్ప.

"ఆరప్పా."

"ఐదే అన్నా. ఒకటి లోపలే ఉండాది."

బావి పనిలో వత్తి ముట్టించినవాడి లెక్కే లెక్క. పేలని మందు మీద తవ్వే గడారి పడితే మనిషి ముక్కలుగా పైకి వస్తాడు. అందుకే లెక్క తగ్గిందని అతనంటే ఆ రోజుకు ఎవరూ దిగరు. మర్నాడు అతనే ముందు దిగి, మందు కూరిన గుంతలన్నీ తడిమి చూసి, మిగతావాళ్లను పిలవాలి. ఇట్లా పని ఆగడం ఆ వారంలో మూడోసారి. ముందు రెండుసార్లూ తెల్లారి చూస్తే అన్నీ పేలే ఉన్నాయి.

అది అరవై రెండు ఎండాకాలం. ఉరవకొండ మెట్టలో ఊరంతటికీ తాగే నీళ్ల కోసం తవ్వుతున్న బావి అది. పక్క చేను పాపన్న బావిలో మాత్రం ఇంకా ఊట ఉంది. ఇది లోతు పోతే ఆ ఊట ఇటు తిరుగుతుందని అందరి నమ్మకం.

"పాపన్న నీకేం పెట్టినాడప్పా?" అన్నాడు ఎర్రప్ప.

"ఏమీ లేదన్నా."

"మొన్న వాని కళ్లం కాడ ఆకువక్క నములుతాంటివే. ఊరికే ఇచ్చినాడా?"

"ఊరికేనే."

"పాపన్న ఊరికే చీమిడి కూడా చీదడు. ఇంగొక్క తూరి ఐదంటే నీ మోకు నువ్వు సుట్టుకొని పో."

బీదవాడు పనికి రాకపోతే సోమరి, పని ఆపితే లంచగొండి. వాడికీ రోగం రావచ్చునని ఒక్కడికీ తోచదు.

పోయిన ఏడు ముదిగుబ్బ దగ్గర సుంకప్ప ఒక ప్రతిధ్వనిని పేలుడని లెక్కేశాడు. దిగమన్నాడు. దిగినవాడి చెయ్యి పోయింది. అప్పటినుంచి ఆఖరి మోత వినగానే గుండె దడదడలాడుతుంది, అరచేతులు చల్లబడతాయి, ఊపిరి గొంతులో ఇరుక్కుంటుంది, ఇప్పుడే చస్తానేమో అనిపిస్తుంది. ఎవరికీ చెప్పలేదు. మగవాడు భయమని ఎట్లా చెప్తాడు?

ఆ సాయంత్రం అతని గుండె దడ కనిపెట్టి భార్య తిప్పమ్మ అతన్ని ఉరవకొండ ఆసుపత్రికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ సంగతంతా అడిగి తెలుసుకొని, గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. "గుండె బాగానే ఉంది."

"బాగుంటే అట్ల యాల కొట్టుకుంటాదమ్మా?" తిప్పమ్మకు నమ్మకం కలగలేదు.

"ఒకసారి దొంగను చూసిన కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది. మొరిగిన ప్రతిసారీ నువ్వు ఇల్లు వదిలి పరుగెత్తితే, దొంగ నిజంగానే వచ్చాడనుకుంటుంది. రేపు ఇంకా గట్టిగా మొరుగుతుంది." సుంకప్ప వైపు తిరిగింది. "దడ పుడితే పారిపోవద్దు. ఊపిరి నిదానంగా బయటికి వదులు. అది పెరుగుతుంది, మళ్లీ తగ్గుతుంది. చంపదు."

"అది సరే, లెక్క తప్పితే?"

"ముగ్గురు విడివిడిగా లెక్కపెట్టండి. కలిస్తే సరి, లేకుంటే ఆగండి. కలిసినాక మాత్రం మళ్లీ మళ్లీ అడగొద్దు. అడిగినా ఎవరూ చెప్పొద్దు. ఆ అడగడమే నీ రోగానికి మేత."

మందులేమీ ఇవ్వలేదు. తిప్పమ్మకు డాక్టరమ్మ మీదే అనుమానం పుట్టింది. అయినా మొగుడితో పాటు మేస్త్రీ దగ్గరికి పోయింది. సుంకప్ప తల వంచుకొని ముదిగుబ్బ సంగతి మొదలుకొని అంతా చెప్పేశాడు.

ఎర్రప్ప అంతా విన్నాడు. "ఈ కథ పాపన్న చెప్పించినాడా, డాక్టరమ్మ చెప్పించిందా?"

"ఎవరు చెప్పిస్తే నీకేమన్నా? మూడు లెక్కలు కలిస్తే పని నడుస్తాదా లేదా?" అన్నది తిప్పమ్మ.

మర్నాడు పొద్దున సుంకప్ప దిగి గుంతలన్నీ చూసుకున్నాడు. అన్నీ పేలే ఉన్నాయి. మధ్యాహ్నానికి మళ్లీ ఆరు వత్తులు ముట్టించారు. ఎర్రప్ప, తిప్పమ్మ, మన్ను లాగే లక్ష్మన్న తలా ఒక దిక్కున నిలబడ్డారు. ముగ్గురూ ఆరన్నారు.

సుంకప్ప తిప్పమ్మ వైపు తిరిగాడు. "ఆరేనా?"

తిప్పమ్మ ముఖం తిప్పుకుంది.

"చెప్పు మే. ఆరోది మోతేనా, కొండ తిరిగి పలికిందా?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"చూస్తివా," అన్నాడు ఎర్రప్ప, లక్ష్మన్నకు కన్ను గీటుతూ. "మొగుడు పెండ్లాలు ఏమో కూడబలుక్కున్యారు."

పొగ పోయేదాకా సుంకప్ప గట్టునే కూర్చున్నాడు. చొక్కా చెమటతో వీపుకు అంటుకుంది. లేచి మోకు పట్టుకున్నాడు. సగం దూరం దిగి ఆగిపోయాడు. పైనున్నవాళ్లకు మోకు వణకడం తెలుస్తోంది.

"పైకి లాగల్లా ఏమప్పా?" అన్నాడు లక్ష్మన్న.

కిందినుంచి ఊపిరి బుసబుసమని వదులుతున్న చప్పుడు మాత్రం వస్తోంది. లాగుదామని లక్ష్మన్న చేతులు బిగించాడు. తిప్పమ్మ అతని మణికట్టు పట్టుకొని ఆపింది. చాలాసేపటికి మోకు మళ్లీ కిందికి జారింది.

"ఆరు గుంతలూ పేలినాయి. దిగండి," కిందినుంచి గొంతు వచ్చింది.

ఎర్రప్ప గట్టు అంచున ఒక కాలు పెట్టి తిప్పమ్మను చూశాడు. "నువ్వు లెక్కేసినావు గదా. ఆరేనా?"

ఆమె అతనికీ చెప్పలేదు.

ఎర్రప్ప పాపన్న చేను వైపు చూశాడు, బావిలోకి చూశాడు. కాలు వెనక్కి తీసి, మళ్లీ పెట్టాడు.

"మోకాళ్లు వణుకుతాండాయా అన్నా?" అన్నాడు సుంకప్ప కిందినుంచి. "వణకనీ. దిగు."