ఐదో చప్పుడు

ఆ మూడు దీవుల్లోనూ ఫెస్టీ కాల్చినంత గొప్ప రొట్టె ఇంకెవరూ కాల్చలేరు. ఈ మాట అన్నది ఫెస్టీయే. అప్పటికి అతను కాల్చింది ఒకే ఒక్క రొట్టె. దాన్ని పందికి వేస్తే, అది కూడా కాసేపు ఆలోచించి గానీ మూతి పెట్టలేదు.

ఇది రెండోది. తల్లి సోర్చా మణికట్టు బెణికి, గుడ్డ చుట్టుకుని కూర్చుంది. పందొమ్మిదేళ్ల కొడుకు పిండిలో సోడా, ఉప్పు వేసి పుల్లమజ్జిగ పోస్తుంటే, కూర్చున్న చోటి నుంచే యుద్ధం నడిపిస్తోంది.

"అలా పిసక్కురా! వేళ్లు విప్పి అలా అలా తిప్పు, చాలు. అది రొట్టె, మీ అన్న మెడ కాదు."

"నా పనితనం చూసి నీకు కన్ను కుడుతోందమ్మా," అంటూ ముద్దని గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు.

"ఎగరేయకురా వెధవా!" అని అరిచి, తోటలో పడ్డ కోళ్లని తరమడానికి ఆమె బయటికి పరిగెత్తింది.

తిరిగొచ్చేసరికి ముద్ద ఇనప కుండలో ఉంది. మూత మీద పీట్ మట్టిగడ్డల నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నాయి.

"నిలువుగా, అడ్డంగా గాటు పెట్టావా?"

"పెట్టాను."

"లోతుగా?"

"లోపలున్నవాళ్లకి ఊపిరాడేంత."

లోపల ఎవరున్నారని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. రొట్టె కాలిందో లేదో చూడాలంటే దాన్ని తిరగేసి, అడుగున వేలి కణుపుతో కొడతారు. బోలుగా మోగితే కాలినట్టు. దీవిలో ఏ ఇంట్లోనైనా అంతే. సోర్చా ఇంట్లో మాత్రం, కొట్టిన కాసేపటికి లోపలి నుంచి ఎవరో తిరిగి కొడతారు. ఆ రొట్టె ఎంతమంది తింటారో అన్నిసార్లు. సోర్చా అన్ని పళ్లేలు పెడుతుంది. చుట్టాలొస్తున్న సంగతి ఆమెకి తెలిసేదీ అలాగే.

రొట్టె దిగేసరికి తండ్రి బార్ట్లీ, అన్న కోల్మన్ తెడ్లు భుజానేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఫెస్టీతో కలిసి ముగ్గురూ వెళ్లి, సముద్రంలో వేసిన పీతల బుట్టలు పైకి లాగాలి. సోర్చా బాగున్న చేత్తో రొట్టె అడుగున కొట్టింది.

టక్. టక్. టక్. టక్.

ఆ తర్వాత ఏమీ లేదు. ఇంట్లో ఉన్నది ఐదుగురు.

పొయ్యి పక్క నానమ్మ నోట్లోంచి పొగాకు పైపు తీసింది. "మళ్లీ కొట్టవే."

మళ్లీ నాలుగే. ఈసారి ఇంకా నెమ్మదిగా, తడి ఇసక కింద నుంచి ఎవరో తలుపు కొడుతున్నట్టు.

"మీ తాత పోయిన పొద్దున కూడా ఒకటి తగ్గింది," అంది నానమ్మ. "నేనే లెక్క తప్పాననుకున్నా. ఆయన నవ్వుకుంటూ పడవెక్కాడు."

బార్ట్లీ తెడ్డు గోడకి ఆనించేశాడు.

"నాన్నా, సముద్రం చూడు, పాలగిన్నెలా ఉంది," అన్నాడు కోల్మన్. "పోనీ మీరుండండి, నేనొక్కణ్నే వెళ్లొస్తా."

"నువ్వు వెళ్తే ఇక్కడ మిగిలేది నలుగురమేరా."

కోల్మన్ కూర్చున్నాడు. బార్ట్లీ పడవ కదల్లేదని చూసి, రేవులో మిగతావాళ్లు కూడా తమ పడవలు గడ్డి మీదికి మోసుకొచ్చేశారు. కారణం ఎవరూ అడగలేదు.

కానీ ఇంట్లో ఉంటే మాత్రం ఏం నమ్మకం? ఐదుగురూ ఒకరినొకరు కనిపెడుతూ కూర్చున్నారు. కోల్మన్ దగ్గితే నాలుగు తలలు అతని వైపు తిరిగాయి.

"వరస ప్రకారం నేనే," అంది నానమ్మ, కొంచెం గర్వంగానే. "మంచి శాలువా తీసి పెట్టవే సోర్చా."

ఇలాంటి మాటకి మామూలుగా ఫెస్టీ దగ్గర మూడు జోకులుంటాయి. ఇవాళ ఒక్కటీ రాలేదు. మొహం పిండిలా పాలిపోయింది, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. సోర్చా అతని తల నిమిరింది. "భయపడకు నాన్నా." అతను ఇంకా ముడుచుకుపోయాడు.

మధ్యాహ్నం, గాలన్నదే లేకుండా, సముద్రం ఊపిరి లోపలికి పీల్చింది. నల్లరాళ్ల మొదళ్లు బయటపడేంత దూరం నీళ్లు వెనక్కి పోయాయి. తర్వాత గోడలా లేచి, చప్పుడు లేకుండా తిరిగొచ్చాయి. పీతల బుట్టలు పోయాయి. రేవు కొస రాళ్లతో సహా పోయింది. గడ్డి మీది పడవలు తడిశాయంతే. ఐదుగురూ గుమ్మంలో నిలబడి చూశారు.

టీ వేళకి సోర్చా ఐదు పళ్లేలూ పెట్టింది. బార్ట్లీ తిన్నాడు. కోల్మన్ తిన్నాడు. సోర్చా తింది. నానమ్మ టీలో ముంచుకుని రెండు ముక్కలు తింది. ఫెస్టీ ముందు ముక్క అలాగే ఉంది.

"తిను," అంది సోర్చా. "ఒక్కసారి కొరకరా. నువ్వు కాదని నాకు తెలియాలి."

బార్ట్లీ లేచి నిలబడ్డాడు. నానమ్మ చేతిలోకి జపమాల వచ్చింది. ముక్క ఫెస్టీ పెదాల దాకా వెళ్లి, మళ్లీ పళ్లెంలోకి దిగింది.

"నేనేనమ్మా ఆ ఐదోవాణ్ని," అన్నాడు. "పొద్దున్నే తెలుసు. కానీ నాకేమీ కాదు."

"ఎలా తెలుసురా?"

"నువ్వు కోళ్ల వెనకాల వెళ్లినప్పుడు ఇంకోసారి ఎగరేశాను. జారి పొయ్యి పక్క బూడిదలో పడింది. దులిపి కుండలో పెట్టేశాను." తలొంచుకుని, పళ్లేనికే చెప్పుకున్నాడు. "నానమ్మ పైపు తాగుతూ ఉమ్మేది సరిగ్గా అక్కడే."