మూడో వంతెన మీద ఎర్ర జెండా

అతన్ని అందరూ సుత్తి మావయ్య అనేవారు. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుందని అన్నారో, నోరు విప్పితే పెట్టే సుత్తి భరించలేక అన్నారో చెప్పడం కష్టం. రైల్వేలో కీమాన్ ఉద్యోగం. పొద్దున్నే ఆరు మైళ్లు పట్టాల వెంట నడవాలి, వదులైన బోల్టు బిగించాలి, లేచిన మేకు దిగ్గొట్టాలి, ఇనుము మీద తట్టి మోత వినాలి. ఇరవై ఆరేళ్లు ఆ పని చేసిన చెవులవి. ఇంట్లో భార్య పిలిస్తే మాత్రం వినపడేది కాదు.

అదీ ఒక లైనేనా అని కొత్తవాళ్లు నవ్వేవాళ్లు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. పెట్టెలో ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్లు తగులుతాయి. తొంభై ఏళ్ల కిందట కొండ మీది రాతి గని కోసం వేశారు దాన్ని. గని మూతపడ్డాక రాయి పోయి మనుషులు మిగిలారు. తర్వాత రోడ్డు పడింది, బస్సులొచ్చాయి, మనుషుల్లోనూ సగం అటు పోయారు. నాలుగు పెట్టెల బండి రెండు పెట్టెలైంది. ఆ రెండు పెట్టెల్నీ నడిపేది సుత్తి మావయ్య బావమరిది. అందులోనే ఎక్కి పై ఊరి ఆసుపత్రిలో బట్టలుతికే పనికి వెళ్లేది అతని భార్య. ఒక్క మాటలో చెప్పాలంటే ఆ ఇల్లు మొత్తం ఆ లైను మీదే బతికేది.

రెండేళ్ల కిందట ఒకరోజు మూడో వంతెన దగ్గర దూలం మోత తేడాగా వినిపించింది. కిందికి దిగి గుడ్డతో తుడిచి చూస్తే ఇనుములో వెంట్రుకంత పగులు. చూసిన వెంటనే పై ఆఫీసుకు రాయాలి, రూలు అదే. కానీ పక్క లైనులో ఒక కీమాన్ అలాగే బుద్ధిమంతుడిలా రాసి పంపితే, బాగుచేసేవాళ్లు రావాల్సింది పోయి లైను మూసేస్తున్నామన్న కాగితం వచ్చింది. మూడు వారాలు కూడా పట్టలేదు. అందుకని మన మావయ్య పగులు ఆగిన చోట తెల్ల రంగుతో అడ్డగీత గీసి, గప్‌చుప్‌గా ఇంటికొచ్చాడు. అంతటి వాగుడుకాయా ఆ ఒక్క సంగతి కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. రోజూ వంగి చూసుకునేవాడు. రెండేళ్లలో పగులు గీత దాటలేదు. తప్పని తెలుసు. తెలిసి చేసే తప్పుకు మనిషి ఎంత తేలిగ్గా అలవాటు పడతాడో వేరే చెప్పాలా!

ఇంతలో పెద్ద ఇంజనీరు వస్తున్నాడని కబురొచ్చింది. బండెక్కి, ఎంతమంది తిరుగుతున్నారో కళ్లారా చూసి, లైను ఉంచాలో పీకేయాలో తేలుస్తాడట. స్టేషను ఎదురుగా మిషను పెట్టుకున్న టైలరు నడుం బిగించాడు.

"ఖాళీ బండి చూపిస్తే ఖాళీ అనే రాసుకుపోతాడు. ఆ రోజు కాలు పెట్టడానికి సందుండకూడదు. ముసలీ ముతకా, చంటిపిల్లలూ, ఎవర్నీ వదలొద్దు!" అంటూ ఇల్లిల్లూ తిరిగాడు. షెడ్డులో తుప్పు పట్టిపోతున్న రెండు పెట్టెల్ని వాళ్లనీ వీళ్లనీ బతిమాలి బయటికి తీయించాడు. ముందురోజు వాటిని తగిలించి, బావమరిది ఒకసారి పైదాకా నడిపి చూశాడు.

"నాలుగు పెట్టెలు బావా! మా నాన్న నడిపిన బండిలా ఉంది," అని చిన్నపిల్లాడిలా చంకలు గుద్దుకున్నాడు.

ఆ పొద్దున భార్య ఇస్త్రీ బట్టలు కట్టుకుని తయారైంది. "ఇవాళ పనికి కాదండీ, షికారుకి. మూడో పెట్టెలో కిటికీ దగ్గరుంటాను. తల తిప్పుకోకండి," అంది. మావయ్య నవ్వుకుంటూనే లైను మీదికి వెళ్లాడు.

మూడో వంతెన దగ్గర అలవాటుగా వంగాడు. పగులు గీత దాటి బొటనవేలంత ముందుకు పోయి ఉంది.

నిన్నటి ఖాళీ పెట్టెలకే ఇంత కదిలింది. ఇవాళ వాటి నిండా జనం. కిందకి చూస్తే నలభై అడుగుల లోతున బండరాళ్లు. "ఇవాళ ఒక్కరోజు ఆగదా? రెండేళ్లు ఆగింది కదా," అని తనతో తానే బేరమాడుకున్నాడు. "ఈ పూట గట్టెక్కితే లైను నిలుస్తుంది, రేపు నేనే రాసి పంపిస్తాను." అంతలో కూత వినిపించింది. మలుపు తిరిగి బండి బయటపడింది. తలుపుల్లో జనం వేలాడుతున్నారు, ఎవరో పాటెత్తుకున్నారు, పిల్లలు కేకలు పెడుతున్నారు. ఆ పండగంతా తన మీదికే వస్తోంది. మూడో పెట్టె కిటికీలోంచి ఒక చెయ్యి ఊగింది. ఆ చెయ్యి చూశాక ఇక ఆలోచన సాగలేదు. ఎర్ర జెండా విప్పి, పట్టాల మధ్యకు పోయి నిలబడ్డాడు.

బండి కీచుమని వంతెనకు ఇరవై గజాల దూరంలో ఆగింది. బావమరిది తల బయటికి పెట్టాడు. "ఏంటి బావా! ఇవాళే ఆపాలా?"

ఇంజనీరు దిగొచ్చాడు. వెనకే సగం జనం దిగారు. ఆయన వంగి చాలాసేపు చూశాడు.

"ఈ గీత ఎవరు గీశారు?"

"నేనే సార్."

"ఎప్పుడు?"

నిన్ననే అంటే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"రెండేళ్లయింది సార్."

ఇంజనీరు జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. టైలరే ముందుకొచ్చాడు, మొహం కందగడ్డలా చేసుకుని. "రెండేళ్లు నోరు మూసుకున్నవాడివి, ఇంకో పావుగంట మూసుకోలేకపోయావా మావా?"

నెల తిరక్కుండా లైను మూసేశారు. మావయ్య ఉద్యోగం అంతకుముందే పోయింది. బావమరిది ఒక్కసారి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఒక్క ముక్క నా చెవిన వేసుంటే రెండు పెట్టెలతోనే వచ్చేవాణ్ణి కదా బావా," అన్నాడు.

కుళాయి దగ్గర భార్య ఒంటరిగా అందరితోనూ పోట్లాడేది. "ఆయన ఆపకపోతే వంతెన విరిగేది! మీ ఎముకలు కూడా దొరికేవి కావు!" అనేది. "ఏమోనమ్మా, ఎవరు చూశారు?" అని మూతి తిప్పుకునేవాళ్లు. ఇంటికొచ్చి బిందె దించుతూ, "విరిగేదేగా?" అని అడిగేది. "విరిగేదే," అనేవాడు. రోజూ అడిగేది. రోజూ అదే చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ అది తనకే కాస్త తక్కువ నిజంగా వినిపించేది.

పట్టాలు పీకే పని పై చివర మొదలైంది. పీకిన పట్టాల్ని పైకప్పులేని రైలు ట్రక్కుల నిండా పేర్చి అదే లైను మీద కిందికి తెస్తారు. మూడో వంతెన దాటాల్సిందే. ఆ బండి నడపడానికి బావమరిదిని రెండు నెలలకు పెట్టుకున్నారు. సంగతి తెలిసి మావయ్య పరుగెత్తుకుని కొండెక్కాడు.

"వద్దురా. దూలాల కింద ఊతం కూడా పెట్టలేదు."

"ఎలాగూ పీకేసేదేగా, నెమ్మదిగా దాటించెయ్యమన్నాడు కాంట్రాక్టరు." బావమరిది బ్రేకు పిడి తుడుస్తూనే ఉన్నాడు. "ఒకసారి నీ జెండా చూసి ఆగాను బావా. నాకున్నదంతా పోయింది. మళ్లీ ఆగమనకు."

ఆ మధ్యాహ్నం టైలరుతో సహా అందరూ వంతెన దగ్గరికి వచ్చారు. దేనికొచ్చారో ఎవరూ పైకి అనలేదు. మావయ్య, అతని భార్య కాస్త ఎడంగా నిలబడ్డారు. ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆరు ట్రక్కుల ఇనుము. జెండా ఎత్తిన రోజు జనంతో నిండిన బండి కంటే రెట్టింపు బరువుంటుంది, తక్కువుండదు.

ఇంజను వంతెన మీదికి ఎక్కింది. దూలాలు మూలిగాయి. మొదటి ట్రక్కు, రెండోది, మూడోది. నాలుగోది. వంతెన ఒక్కసారి కిర్రుమంది. జనంలో ఎవరో కెవ్వుమన్నారు. తర్వాత ఐదోది, ఆరోది. బండి అవతలికి చేరి, ఒక్క కూత వేసి, మలుపు తిరిగిపోయింది.

వంతెన ఉన్నచోటే ఉంది.

ఎవరూ ఎగతాళి చేయలేదు. టైలరు ఒకసారి మావయ్య వైపు చూసి, తల దించుకుని వెళ్లిపోయాడు. ఒకరి వెనక ఒకరు అందరూ వెళ్లిపోయారు.

"దాటాడు. తమ్ముడు క్షేమంగా దాటాడు," అంది భార్య.

మావయ్య ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. ఇక దాచడం చేతకాలేదు. "నాలుగో ట్రక్కు దగ్గర వంతెన కిర్రుమంది చూడు," అన్నాడు. "అప్పుడు విరగాలనుకున్నాను. వాడు దాని మీదున్నాడని తెలిసే అనుకున్నాను."

ఆమె చెయ్యి వదిలేస్తుందనుకున్నాడు. వదల్లేదు.

"నేను మొదటి ట్రక్కు నుంచీ అనుకుంటున్నానండీ," అందామె.