పన్నెండో పేరు

శుక్రవారం పొద్దున నేలశాస్త్ర శాఖాధిపతి తన గదిలో, తన కుర్చీలో, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. సాయంత్రం నాలుగింటికి కోర్సు మార్చుకునే గడువు అయిపోతుంది. ఆ తర్వాత ఏ విద్యార్థి ఎక్కడుంటే మూడేళ్లూ అక్కడే. అప్పటిదాకా నోరు మెదపకుండా ఉంటే ఆయన శాఖ నిలబడుతుంది. ఆయన అన్న కూతురు మాత్రం తను కోరుకోని చదువులో ఇరుక్కుపోతుంది, అదీ ఆయన చెప్పిన అబద్ధం వల్ల.

సంగతి మొదట్నుంచీ చెప్తాను.

అది నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద విశ్వవిద్యాలయం. డిగ్రీ చదువులే నూట పధ్నాలుగు రకాలు. మొదటి ఏడాది పిల్లలంతా అన్నిట్లోనూ తలా కాస్త రుచి చూస్తారు. ఏడాది చివర తలగడంత కోర్సుల పుస్తకం ముందేసుకుని, మిగిలిన మూడేళ్లూ ఏది చదవాలో తేల్చుకుని ఫారం నింపుతారు. ఆ రోజు కంప్యూటర్ల శాఖ బల్ల ముందు తొక్కిసలాట, గణితం ముందు పొడుగాటి వరస. నేలశాస్త్రం బల్ల దగ్గర ఆగేవాళ్లు, పాపం, "క్యాంటీన్ ఎటండీ?" అని అడగడానికే ఆగుతారు. ఏడంతస్తుల భవనంలో ఆ శాఖ ఉండేది నేలమాళిగలో. పైవాళ్లు దాన్ని మట్టిబడి అంటారు. వాళ్ల నోళ్లు పడిపోను, చివరికి ఆ పేరే స్థిరపడిపోయింది.

ఈ ఏడు డీన్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పన్నెండుమందైనా చేరకపోతే మట్టిబడిని తీసుకెళ్లి రసాయనశాస్త్రంలో కలిపేస్తారట. ఇరవై రెండేళ్లుగా సీసాల్లో మట్టి నింపి, చీటీలు అంటించి, బీరువాల్లో దాచుకున్న మనిషికి ఆ ఉత్తరం చదివిన రోజు ముద్ద దిగలేదు. ఎలాగో పదకొండు పేర్లు వచ్చాయి. పన్నెండోదాని కోసం ఎదురుచూసి ఆయన కళ్లు కాయలు కాచాయి. సరిగ్గా అప్పుడే అన్న కూతురు ఫారం పట్టుకుని తలుపు తట్టింది.

ఆ పిల్లని ఇంట్లో ఎందుకమ్మ అంటారు. మాటలొచ్చిన నాటినుంచీ దేనికైనా ఎందుకని అడగడమే. సున్నాతో ఎందుకు భాగించకూడదని ఏడేళ్లప్పుడు అడిగి, బాబాయిని ఒక పూటంతా కూర్చోబెట్టింది. వాళ్ల నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్. తమ్ముడి చదువు ఆగకూడదని తను పదో తరగతిలో బడి మానేసి పానా పట్టుకున్నాడు. "ఇంట్లో ఒకడు పైకెళ్లాలంటే ఇంకొకడు కింద నిలబడి మీట నొక్కాలిగా!" అని నవ్వేవాడే తప్ప, ఒక్కసారైనా ఆ మాటతో తమ్ముణ్ణి దెప్పలేదు. కూతురు కోర్సు ఎంచుకునే రోజున కూడా ఆయన చెప్పింది ఒకటే. "బాబాయ్ ఉండగా కౌంటర్ల చుట్టూ తిరగడం దేనికే? వాడు వేలు పెట్టిన చోట టిక్కు పెట్టెయ్." ఆ ఇంట్లో బాబాయ్ మాటంటే ఇక తిరుగులేదు.

ఆ పిల్ల ఫారం బల్ల మీద పరిచింది. "బాబాయ్, గణితం మొదట పెట్టాను. సరిపోయిందా?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. కళ్లద్దాలకు ఏమీ అంటలేదు.

"గణితం నిండిపోయింది తల్లీ," అన్నాడు. "నిన్ననే నిండిపోయింది. రెండో జాబితా కూడా ఉండదు."

"అయ్యో. మరేం చెయ్యను?"

"మా దాంట్లో చేరు. మట్టిలో మాత్రం లెక్కలు లేవా ఏంటి?"

ఆ పిల్ల ఓ నిమిషం కిటికీ వైపు చూసింది. తర్వాత గణితం మీద అడ్డగీత గీసి, బాబాయ్ వేలు పెట్టిన చోట టిక్కు పెట్టింది. కంచే చేను మేస్తే ఇక చెప్పేదెవరితో?

అంతటితో ఆగినా, పోనీ, ఆశకొద్దీ నోరు జారాడని సరిపెట్టుకుందుం. పది రోజుల కిందట ఖాళీల జాబితా వచ్చింది. గణితంలో తొమ్మిది సీట్లు ఖాళీ, కావలసినవాళ్లు శుక్రవారం నాలుగింటిలోగా మారవచ్చు. గుమస్తా దాన్ని మట్టిబడి నోటీసు బోర్డు మీద నాలుగు మూలలా పిన్నులు గుచ్చి పెట్టింది. ఆవిడ టీకి వెళ్లగానే ఈ పెద్దమనిషి అటూ ఇటూ చూసి, పిన్నులు పీకి, కాగితం మడిచి సొరుగులో పడేశాడు. చేతిలో మిగిలిన పిన్నుల్ని ఏం చెయ్యాలో తోచక మళ్లీ బోర్డుకే గుచ్చాడు. ఛీ! అంత చదువూ చదివి చివరికి చేసిన పని అది.

శుక్రవారం పదకొండింటికి ప్రయోగశాలలో క్లాసు. మట్టిని తడిపి, ముద్ద చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బనులా సాగదీయాలి. రిబ్బను ఎంత పొడుగు సాగితే అందులో అంత బంకమన్ను ఉన్నట్టు. పదకొండుమంది రిబ్బన్లు అంగుళం దాటకుండానే తెగిపోయాయి. ముందు వరసలో కూర్చున్న ఎందుకమ్మది మాత్రం మూడంగుళాలు సాగి, ఊగుతూ నిలబడింది.

"బాబాయ్... కాదు, సార్, ఇటు చూడండి!" అంది ఆ పిల్ల. అందరూ నవ్వారు.

ఇష్టం లేని పనిని కూడా ఇంత శ్రద్ధగా చేస్తోంది. వాళ్ల నాన్న పోలికే. ఆ మట్టి చేతుల్ని చూసేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. మూడు వారాలుగా రాని సిగ్గు ఒక్కసారిగా ముంచుకొచ్చి, చెవుల దాకా మండింది. భూమి చీలి తనని మింగేస్తే బాగుండనుకున్నాడు గానీ, భూమి గురించి ఇరవై రెండేళ్లు పాఠం చెప్పినవాడు, అదంత తేలిగ్గా చీలదని ఆయనకు తెలుసు. క్లాసు సగంలో ఆపి గదిలోకి వెళ్లి కూర్చున్నాడు.

ఒంటిగంట, రెండు, రెండున్నర. ఎన్నోసార్లు లేచి తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. పదకొండుమందితో శాఖ పోతుంది, సీసాలన్నీ ఎవడో పారబోస్తాడు. చెప్పకపోతే ఆ పిల్ల మూడేళ్లపాటు ముందు వరసలో కూర్చుని తనని సార్ అంటుంది. మూడింటికి ఆయన తనే వెళ్లి ఆ పిల్లని పిలుచుకొచ్చాడు. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.

"గణితంలో సీట్లు నిండలేదమ్మా. నీతో అబద్ధం చెప్పాను. ఇప్పటికీ ఖాళీలున్నాయి. నాలుగింటిదాకా టైముంది. నాకు ఒక పేరు తక్కువైంది, అందుకని నీ పేరు తీసుకున్నాను."

ఆ పిల్ల ఉలిక్కిపడలేదు. నోటుపుస్తకం తెరిచి, నాలుగు మడతల కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. కోర్సు మార్పు ఫారం. అన్నీ నింపి ఉన్నాయి. మడతల దగ్గర నలిగి మెత్తబడింది.

"నీకు తెలుసా?" అన్నాడాయన.

"వారమైంది బాబాయ్. మూడో లిఫ్టు ఆగిపోయిందని నాన్నని పిలిచారుగా. లిఫ్టులో అంటించి ఉందట ఆ జాబితా."

నేలమాళిగలో ఉండేవాడికి లిఫ్టుతో ఏం పని? ఆయన ఏనాడూ లిఫ్టెక్కి ఎరగడు. అన్న లిఫ్టుల మెకానిక్ అన్న సంగతి మరిచిపోయి, ఒక్క బోర్డు మీది కాగితం దాచేసి లోకమంతటి కళ్లూ మూశాననుకున్నాడు.

"మరి వెంటనే రాలేదేం?"

"నాన్న ఆగమన్నాడు. 'మీ బాబాయ్ పనిలో పడి చూసుకుని ఉండడు. నువ్వెళ్లి అడిగితే చిన్నబుచ్చుకుంటాడు. వాడే చెప్తాడు, శుక్రవారం మూడున్నర దాకా చూడు' అన్నాడు. మూడున్నరకి నేనే వచ్చేదాన్ని. కింద నీ సంతకం కావాలిగా."

విద్యార్థిని వదులుతున్న శాఖాధిపతి సంతకం చేయాలన్నది అక్కడి నియమం. ఆయన పెన్ను తీశాడు. సంతకం గడికి పైన, మారడానికి కారణం అన్నచోట, గుండ్రటి అక్షరాలతో ఉంది: వివరాలు సరిగా తెలుసుకోలేదు. పొరపాటు నాదే.

"ఇదెవరు రాయమన్నారు?"

"నాన్నే. 'వాడి సంతకం పడే కాగితం కదా, వాడి మీదికి మాట రాకూడదు' అన్నాడు."

ఆయన ఆ రెండు వాక్యాలనూ చాలాసేపు చూశాడు. వాటి కింద సంతకం పెట్టి ఇచ్చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. పేరుకు పేరూ నిలుస్తుంది. ఆయన వాటిని కొట్టేసి, పక్కన ఇరుకిరుగ్గా రాశాడు: శాఖాధిపతి కావాలని తప్పుడు సమాచారం ఇచ్చాడు. కింద సంతకం చేశాడు. ఆ సంతకం వేరేవాళ్లదిలా వచ్చింది.

కౌంటరు దాకా ఆయన కూడా వెళ్లాడు. వరసలో పదిమంది విద్యార్థులున్నారు. కౌంటరావిడ ప్రతి ఫారాన్నీ పైకి చదివి ముద్ర వేస్తోంది. ఈ ఫారమూ అలాగే చదివింది. చదివి ఆగింది.

"శాఖాధిపతి కావాలని... ఇదేంటి, ఎవరండీ ఈ శాఖాధిపతి?"

"నేనేనండి," అన్నాడాయన.

వరసలో గుసగుసలు ఆగిపోయాయి. ఆవిడ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, ముద్ర వేసి, రసీదు ఆ పిల్ల చేతికిచ్చింది. మూడూ నలభై ఐదయింది.

బయటికొచ్చాక ఆయన ఆ పిల్ల అడుగుతుందని ఎదురుచూశాడు. చందమామని, సున్నాని, లోకంలో ఉన్న ప్రతిదాన్నీ ఎందుకని నిలదీసిన పిల్ల. రసీదు పుస్తకంలో పెట్టుకుని, "వస్తాను బాబాయ్," అంది. ఎందుకని మాత్రం అడగలేదు. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది ఆయనకు.

మెట్ల మీద కూలబడి అన్నకు ఫోన్ చేశాడు. అవతల ఏదో మోటారు రొద.

"ఏరా ప్రొఫెసరూ, పిల్ల పని అయిందా?"

"అయింది అన్నయ్యా."

"హమ్మయ్య! నువ్వేమైనా తిన్నావా లేదా?"

"అన్నయ్యా, నేను చూసుకోక కాదు. ఆ కాగితం నేనే తీసి దాచాను."

మోటారు ఆగింది.

"తెలుసురా," అన్నాడు అన్న. "ఆ రోజు పని అయ్యాక నిన్ను చూసి పోదామని కిందికి దిగాను. ఏడంతస్తుల్లోనూ బోర్డుల మీద కాగితం ఉంది. నీ బోర్డు మీద నాలుగు పిన్నులే ఉన్నాయి. అక్కణ్ణుంచే వెనక్కి వెళ్లిపోయాను."