తలుపు దాటిన వాక్యం

మధ్యాహ్నపు ఎండ కిటికీ అద్దాల్లోంచి నీళ్ళలా కదులుతూ గదిలోకి వచ్చింది. మూడో తరగతి టీచరుకు ఆ బడిలో అదే ఆఖరి రోజు. ఆ మాట పిల్లలకు ఎలా చెప్పాలో తెలియక వారం రోజులుగా నానుస్తూ వచ్చింది.

వాక్యాలు కలిపే ఆటకని పిల్లలు తలా ఒక చిన్న వాక్యం అట్టముక్క మీద రాసి మెడలో వేసుకున్నారు. ‘కానీ’, ‘కాబట్టి’ అనే అట్టలున్నవాళ్ళు మధ్యలో నిలబడి చేతులు కలిపితే రెండు వాక్యాలూ ఒకటవుతాయి.

“వాన పడింది కానీ మా పిల్లి తడవలేదు!” అని చదివి అందరూ నవ్వారు.

“మీ అట్టేది టీచర్? మమ్మల్నే ఆడిస్తారేం?” అంది ఒక బొద్దుపిల్ల.

టీచరు ఒక ఖాళీ అట్టముక్క తీసుకుని, ‘రేపటినుంచి నేను రాను’ అని రాసి మెడలో వేసుకుంది.

‘కానీ’ పిల్ల మెల్లగా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని పైకి చదివింది.

“రేపటినుంచి నేను రాను కానీ... ఎవరైనా రండ్రా!”

“నేనొస్తా! మా పిల్లి తడవలేదు!”

“అదెలా కలుస్తుందే, మొద్దూ?”

“కలవకపోతే పోనీ, చెయ్యి పట్టుకోనివ్వు!”

ఒకరి వెనక ఒకరు అందరూ వచ్చి కలిశారు. తలా తోకా లేని ఆ వాక్యం బల్లల మధ్య మెలికలు తిరిగి, తలుపు దాటి వరండాలోకి తేలిపోయింది. ఇన్నాళ్ళూ తాను భయపడింది వాళ్ళు ఏడుస్తారని కాదనీ, ఎవరూ ఏడవరేమోననీ ఆమెకు అప్పుడు తెలిసింది. ఇంటిగంట కొట్టారు. చెయ్యి ముందుగా ఎవరు వదలాలో తెలియక ఆమె అలాగే నిలబడింది.