పాడెకు కొట్టిన వెదురు

నోట్లో నాలుక లేని మనిషని పేరుపడిన పుట్టమ్మకు ఆ పొద్దున హోసూరు ఆసుపత్రిలో ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? మంచం మీద మొగుడు ప్రాణాలతో ఉండగానే, బావ దాసప్ప టెంపోలో పూలహారం పెట్టుకొని వచ్చి వాకిట్లో దిగాడు.

హోసూరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. వాళ్ళది అత్తిముగం పక్కన చిన్న పల్లె. మొగుడు నాగేశప్ప బండలు కొట్టేవాడు. ఏండ్ల తరబడి మింగిన రాతి దుమ్ముకు జ్వరం కూడా తోడై, గాలి అందక రొప్పుతుంటే పుట్టమ్మే బస్సెక్కించి తెచ్చింది. డాక్టరు ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టించాడు. సిలిండరులోని ఆక్సిజన్ సీసా నీళ్ళలో బుడబుడమంటూ వచ్చి ఆ మాస్కులోకి పోతోంది.

"ఊపిరి ఆయనే తీసుకుంటా ఉన్నాడమ్మా. మాస్కు తోడు, అంతే. జ్వరం తగ్గేదాకా తియ్యొద్దు," అన్నాడు డాక్టరు. అప్పటినుంచి ఆమె ఆ బుడగల మీంచి కన్ను తిప్పలేదు.

దాసప్పకు మాత్రం మాస్కంటే యముడి పాశమే. ఊళ్ళో అది పెట్టించుకున్న వాళ్ళెవరూ తిరిగి రాలేదు.

"మాస్కు పెట్టినారంటే అయిపోయినట్టే కదమ్మా," అన్నాడు కండువాతో కళ్ళొత్తుకుంటూ. దొంగ ఏడుపు కాదు, తమ్ముడంటే ప్రాణమే. తగలబడ, ఆ ప్రేమ! "ఈడ పోతే శవాన్ని ఊర్లోకి రానియ్యరు, పొలిమేర అవతలే పెట్టాల. ఊపిరి ఉండంగానే ఇంటికి తీసుకుపోదాం. నువ్వేం దిగులుపడొద్దు, అన్నీ సిద్ధం చేసినాం. పాడెకు వెదురు కూడా కొట్టించినాను."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమంటే ఇదే.

ఆమె నోరు తెరిచేలోగా దాసప్ప వంగి మాస్కు లాగేశాడు. నాగేశప్ప పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. డొక్కలు ఎగిరెగిరి పడ్డాయి. చెయ్యి గాలిలో దేనికోసమో వెతికింది.

పెళ్ళయిన నాటినుంచి బావతో తలుపు చాటునుంచే మాట్లాడిన పుట్టమ్మ, ఆయన చేతి మీద ఫెడీమని కొట్టింది. మాస్కు లాక్కొని మొగుడి ముఖానికి అదిమి, రబ్బరు పట్టీ తల వెనక్కి తగిలించింది. అప్పుడు బావ వైపు తిరిగింది.

"ముక్కూ నోరూ మూసుకో బావా!"

"ఏందమ్మా..."

"మూసుకో అంటా ఉండాను!"

వార్డంతా చూస్తోంది. దాసప్ప బిత్తరపోయి మూసుకున్నాడు. కాసేపటికే ముఖం కందిపోయింది. చెయ్యి తీయబోతే ఆమె కళ్ళెర్రజేసింది. చివరికి ఇక ఆగలేక నోరు తెరిచి రొప్పుతూ గోడకు ఆనుకున్నాడు.

"ఎట్లుండాది? నీకు గాలి కావాల, నీ తమ్మునికి వద్దా? ప్రాణం గొంతులోకి వచ్చినాక మనుషుల్ని ఆసుపత్రికి తెచ్చేది మీరు, పోయినాక నింద మాస్కు మీదనా? ఇప్పుడు పొలిమేరని ఏడుస్తా ఉండావే, ఆయప్ప బండ కాడ దగ్గేటప్పుడు యాడికి పోయినావు? పో! ఆ హారం నీ టెంపోకే వేసుకో!"

దాసప్ప తల వంచుకొని పోయాడు. అప్పుడు గానీ ఆమెకు భయం వేయలేదు. బావను కొట్టినందుకు కాదు, ఆ బుడగలు ఎక్కడ ఆగిపోతాయోనని.

ఆగలేదు. జ్వరం మెల్లగా దిగింది. మొదట అన్నం తినేటప్పుడు మాస్కు తీశారు, తర్వాత పగలంతా తీసి ఉంచారు. లోపలి దుమ్ము ఎక్కడికీ పోదని, మళ్ళీ బండ దగ్గరికి పోతే ప్రాణానికి పూచీ లేదని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

ఇల్లు చేరేసరికి వెదుర్లు గోడకు ఆనించినవి ఆనించినట్టే ఎండి ఉన్నాయి. ముట్టుకుంటే అపశకునమట! పుట్టమ్మ కొడవలి అందుకుంది. పొగ తగలకుండా మొగుణ్ణి వీధి అరుగు మీద కూర్చోబెట్టి, పెరట్లో స్నానానికి నీళ్ళు పెట్టింది.

సాయంత్రం దాసప్ప వచ్చాడు. తమ్ముణ్ణి పలకరించే ధైర్యం చాలక నేరుగా పెరట్లోకి వెళ్ళి, టపటప పేలుతున్న పొయ్యి దగ్గర నిలబడ్డాడు.

"ఏం కట్టెలమ్మా, ఇట్ల పేల్తా ఉండాయి?"

"నీ తమ్మునికని నువ్వు కొట్టించినవే బావా," అంది పుట్టమ్మ ఇంకో ముక్క పొయ్యిలోకి తోస్తూ. "నీళ్ళు కాగినాయి. పిలుచుకొనొచ్చి ఆయప్ప వీపు రుద్దు."