ఇంకోసారి అయ్యగారు

గడ్డం సగం గీసుకున్నాక అయ్యగారి చెయ్యి ఆగింది. వంటగదిలో ఈల మొదలైంది.

కుక్కర్ కాదు. భార్య ఊపిరి.

జీవితమంతా శ్రుతి చూసుకుంటూ బతికిన చెవి. తేడా ఇట్టే పట్టేసింది. నిన్నటికన్నా ఇవాళ ఈల ఒక మెట్టు పైన పలుకుతోంది. ఆయాసం పెరిగిన రోజున అంతే.

"మందు పీల్చావా?" అద్దం ముందునుంచే అరిచాడు.

"పీల్చాను. ముందు ఆ రెండో చెంప కానివ్వండి. సగం గడ్డంతో వేదికెక్కితే దేవుడి వాక్యం కూడా సగమే నమ్ముతారు."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన ఎడమ చెంపను రెండు వేళ్లతో లాగి పట్టుకుంది. ఆ పని చేయాల్సిన ఆయన ఎడమచెయ్యి పక్కన తడిబట్టలా వేలాడుతోంది. ప్రసంగం మధ్యలో పక్షవాతం వచ్చి పడిపోయిన రోజునుంచీ అది ఆయన మాట వినడం మానేసింది. చొక్కా బొత్తాలు, చెప్పుల బెల్టు, అన్నీ ఆమే. హార్మోనియం తిత్తి కూడా ఆమే.

అదెలా మొదలైందో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. ఆసుపత్రినుంచి వచ్చాక ఆయన పెట్టె ముందు కూర్చుని, కుడిచేతి వేళ్లను మెట్లమీద ఊరికే ఆడిస్తున్నాడు. గాలి లేని పెట్టె టకటకమంటోంది. ఆమె పొయ్యిమీద కూర కలుపుతున్నదల్లా వచ్చి, ఎదురుగా కూర్చుని, వెనకనున్న తిత్తిని లాగి వదిలింది. పెట్టె పలికింది. ఆయన ఏడ్చాడు. ఆమె, "కూర మాడుతుంది, తొందరగా వాయించండి" అంది.

వడ్రంగి కొడుకాయన. ప్రార్థనమందిరంలో ఎలుకలు కొట్టేసిన హార్మోనియాన్ని బాగుచేయమని తండ్రిని పిలిస్తే, వెంట వెళ్లినవాడు పెట్టెను వదిలి రాలేదు. బస్టాండుల్లో పాడాడు, సంతల్లో పాడాడు, పాటకు జనం పోగయ్యాక వాక్యం చెప్పాడు. ప్రసంగం కోసం ఆగినవాళ్లు తక్కువేనని ఆయనకూ తెలుసు. ఒక క్యాసెట్ వచ్చింది. పాటలు ఊళ్లు తిరిగాయి, పేరు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఓ చావింట్లో ఒకావిడ, "రాగం తప్పుతున్నారు తాతగారూ" అంటూ ఆయన పాటను ఆయనకే నేర్పింది. బుద్ధిగా నేర్చుకున్నాడు.

జనానికి గుర్తున్నది ఒక్కటే. పాట ముగిసే వేళకి కుడిచెయ్యి పైకెత్తి "ఇంకోసారి!" అని కేకేసేవాడు. పల్లవి మళ్లీ లేచేది. మళ్లీ కేక. చప్పట్లు కొట్టే అరచేతులు మండేదాకా వదిలేవాడు కాదు. అలా ఇంకోసారి అయ్యగారయ్యాడు.

ఆయన ప్రార్థనతో లేచి కూర్చున్నామని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. భార్య ఆయాసం మాత్రం ఒక్కనాడూ ఆయన మాట వినలేదు. ఆమె తలమీద చెయ్యి పెట్టి ఎంత పెనుగులాడినా ఈల ఆగేది కాదు. "మీ ప్రార్థనలు పరాయివాళ్లకే పనిచేస్తాయిలెండి" అని ఆమె నవ్వేది. ఆయన నవ్వలేకపోయేవాడు. మొన్న డాక్టరు చెప్పేశాడు. ఊపిరితిత్తులే కాదు, గుండె కూడా అలిసిపోయింది. బరువు పని వద్దు, తిత్తి కొట్టడం అసలే వద్దు.

ఆ మర్నాడే పెద్ద మందిరం పాస్టరు ఫోన్ చేశాడు. ఆదివారం కూడికలో ఒక్క పాట పాడాలట. జబ్బుపడ్డాక వేదికమీదికి రమ్మన్నవాళ్లు లేరు.

"రానని చెప్పేస్తాను" అన్నాడు చొక్కా తొడిగించుకుంటూ, పొద్దుటినుంచీ నోట్లో నానుతున్న మాట.

"చెప్పండి. నేనెళ్లి పాడి వస్తాను. నా గొంతు విన్నాక మిమ్మల్నే బతిమాలుకుంటారు."

"వాళ్ల కీబోర్డు ఉంది కదే."

"జబ్బుకు ముందు ఓసారి దాంతో ఏమైందో చూశాగా. అది ముందు, మీరు వెనక. బస్సు తప్పిపోయినవాడిలా పరిగెత్తారు." పై బొత్తాం పెట్టి, కాలరు సర్ది, గొంతు తగ్గించింది. "మీరు మళ్లీ వేదికమీద పాడాలి. నేను చూడాలి. అంతే."

"రెండే చరణాలు. ఇంకోసారి అనను."

"మీరా? అనకుండా ఉండండి, చూద్దాం."

మెట్ల దగ్గర కింది వాటా టైలరు ఎదురై హార్మోనియం అందుకున్నాడు. "అయ్యగారూ, ఇవాళ ఎన్ని ఇంకోసార్లు?"

"ఒక్కటీ లేదు నాయనా."

"అయితే డూప్లికేటు అయ్యగారన్నమాట" అంటూ పెట్టెను ఆటోలో పెట్టాడు. ఆమె ప్రతి మెట్టుమీదా ఆగి, ఆగినందుకు ఏదో సాకు చెబుతూ దిగింది. చెంగు సర్దుకుంది, గోడకున్న పెచ్చు చూసింది, తాళం వేశామా అని అడిగింది.

మందిరం కిటకిటలాడుతోంది. వేదికమీద బల్ల, దానిమీద పెట్టె. అటు ఆయన, ఇటు ఎత్తు తక్కువ స్టూలుమీద ఆమె. చేతిరుమాలును నాలుగు మడతలు పెట్టి తిత్తి అంచుకు వేసుకుంది. ఆ చెక్క అరచెయ్యిని కోస్తుంది.

"నా ఇంట దీపం ఆరలేదు, నువ్వొచ్చేదాకా ఆరదు..."

ఆయన గొంతు జీరపోయింది కానీ తప్పలేదు. మొదటి చరణం సాఫీగా దాటింది. రెండోదానికి జనం లేచి నిలబడ్డారు. పాత ముఖాలు, తెల్లబడ్డ తలలు, ఏడుస్తున్న కళ్లు. ఎదురుగా ఆమె చెయ్యి లయ తప్పకుండా లాగుతోంది, వదులుతోంది. పల్లవి పూర్తయింది. ఆఖరి మెట్టుమీద వేలుంది. ఎత్తితే చాలు.

ఎత్తాడు. వేలు ఒక్కటే కాదు, చెయ్యంతా లేచింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఇంకోసారి!"

ఆమె నవ్వింది. ఎప్పుడంటారా అని చూస్తున్నట్టే తిత్తి లాగింది.

ఆయన పల్లవిని పరుగున ముగించి మెట్లు వదిలేశాడు. అప్పటికే ఆలస్యమైంది. "ఇంకోసారి!" ఈసారి కేక జనంలోంచి వచ్చింది. డ్రమ్ములు అందుకున్నాయి. కీబోర్డు కలిసింది. పాస్టరు ఆయన భుజం తట్టి, "వదలకండి అయ్యగారూ!" అన్నాడు.

ఆపమని కుడిచెయ్యి పైకెత్తాడు. జన్మంతా ఆ చెయ్యి లేచింది పాట పెంచడానికే. మందిరం ఇంకా గట్టిగా పాడింది.

"ఆపవే" అన్నాడు ఆమెతో. ఆ హోరులో ఆయన మాట ఆయనకే వినబడలేదు. ఆమె తల వంచుకుని, పెదవులు నల్లబడి, ఎవరికీ వినిపించని పెట్టెకు గాలి కొడుతూనే ఉంది. ఆయన లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, ఆమె మణికట్టు పట్టుకుంటేగానీ ఆగలేదు.

వేదిక వెనక చిన్న గది. ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. ఈల ఇప్పుడు ఆయన ఎన్నడూ వినని మెట్టుమీద ఉంది. సంచిలోంచి మందు తీసి ఆమె నోటికి పెట్టాడు. పీల్చింది. పాస్టరును పిలుస్తానంటే వద్దని తల ఊపింది.

"అనను... అన్నారుగా" అంది. నవ్వడానికి ఊపిరి చాల్లేదు, కళ్లతోనే కానిచ్చింది. "నీళ్లు."

కుళాయి వసారా చివర ఉంది. తలుపు భుజంతో తోసుకుని వెళ్లాడు. గ్లాసును అరుగుమీద పెట్టి, కుళాయి తిప్పి, నిండాక కట్టి, గ్లాసు తీసుకుని, మళ్లీ తలుపును భుజంతో తోశాడు. రెండు చేతులున్నవాడు ఈపాటికి వచ్చేసి ఉండేవాడు. సగం నీళ్లు చొక్కామీద ఒలికాయి.

గదిలో ఈల లేదు.

మందు పనిచేసిందని ఆయన ప్రాణం లేచొచ్చింది. "చూశావా, తగ్గింది" అంటూ గ్లాసు అందించాడు. ఆమె అందుకోలేదు.

పాస్టరు వచ్చాడు, ఇంకెవరో వచ్చారు, డాక్టరు కోసం పరిగెత్తారు. ఆమెను కుర్చీలోంచి ఎత్తింది వాళ్లే. ఆయన ఒంటిచేత్తో ఆమె పాదం మాత్రం పట్టుకోగలిగాడు. "ప్రార్థన చేయండి అయ్యగారూ" అని ఎవరో అన్నారు. ఎన్ని మంచాల పక్కన మోకరించాడో, ఎంతమందికి మాటలు వెతికిచ్చాడో. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. గోడ అవతల పల్లవి ఇంకా నడుస్తోంది.

జనం వెళ్లిపోయాక పెట్టె కోసం వేదికెక్కాడు. స్టూలుమీద, ఆమె చోట కూర్చున్నాడు. కుడిచేత్తో తిత్తి లాగాడు. గాలి నిండింది. మెట్లు నొక్కడానికి చెయ్యి లేదు.

తిత్తి మెల్లగా ఒదిగి మూసుకుంది. దాని అంచున ఆ రుమాలు, నాలుగు మడతలమీద, వేళ్లు నొక్కిన గుంటలతో, ఇంకా చెమటతడిగానే ఉంది.